కారణం: ఇతరములు

లూయిస్టన్‌లో, నదికి ఇటువైపు,
మూతపడ్డ చెప్పుల ఫ్యాక్టరీ రెండో అంతస్తు.
ఇరవై రెండేళ్లు ఇక్కడే బూట్ల పైతోలు కుట్టాను.
ఇప్పుడు అదే కిటికీ పక్కన
కంప్యూటర్ ముందు కూర్చుని
మనుషుల్ని అంకెలకి కుడుతున్నాను.
మిషను కాళ్ల బోల్టు గుంతలు నేలలో ఇంకా ఉన్నాయి,
నా కుర్చీ చక్రం రోజుకోసారి వాటిలో పడుతుంది.

మొదటి రోజు బ్రాకెట్ మేడమ్ అంది:
"ఒడీల్, మాట పొడుగు చూసి బెదిరిపోకు. తోక పట్టుకో.
తోకలో ఐటిస్ ఉంటే ఎక్కడో వాపు,
ఎక్టమీ ఉంటే ఏదో కోసి తీసేశారు.
అక్కణ్ణించి వెనక్కి నడు, అవయవం అదే దొరుకుతుంది."
నాకది తేలిగ్గానే పట్టుబడింది.
మడమ కుట్టు దొరికితే
బూటు మొత్తం విప్పేయొచ్చు, ఇదీ అంతే.

పక్క సీటు హోదాన్‌ది.
మూడు భాషల్లో కడుపునొప్పి చెప్పగలదు,
ఫారంలో ఇంటిపేరు గడి దగ్గర మాత్రం ఆగిపోతుంది.
వాళ్లకి తండ్రి పేరు, తాత పేరే ఉంటాయట.
"గడి నింపకపోతే కంప్యూటర్ ముందుకు పోదు" అన్నాను.
"మా తాత పోయేవాడు" అంది,
తాతనే గడిలో కూర్చోబెట్టింది.

ఫోను పాఠం: మూడో మోత లోపు ఎత్తాలి,
నవ్వుతూ ఎత్తాలి,
నవ్వు తీగలోంచి వినిపిస్తుందట.
నోరు మంచిదైతే ఊరు మంచిదే,
లైన్లో నలుగురుంటే ముందు ఏ ఊరు?
హోదాన్ కోపిష్టి రోగి వేషం కట్టి
బిల్లు మీద మేడమ్‌నే కడిగేసింది.
క్లాసంతా చప్పట్లు.

కోడ్ల పుస్తకం ఇటుకంత మందం.
దగ్గుకి ఒకటి. నడుంనొప్పికి ఒకటి,
అది నాదే, చూడకుండా చెప్తాను.
ఇంట్లో మనిషి మాయమైనా, మరణించినా
రెంటికీ కలిపి ఒకటే:
జెడ్ అరవై మూడు చుక్క నాలుగు.
ఆ పేజీ మీంచి హోదాన్ చాలాసేపు వేలు తీయలేదు.
నేనడగలేదు.
గోరుచుట్టుకి కోడ్ ఉంది,
రోకటిపోటుకి లేదు.

మార్చిలో ప్రాక్టికల్స్, క్లినిక్ ముందుగదిలో.
మూడో రోజు పొద్దున తొమ్మిదికి ఫోను.
నవ్వు పెట్టుకునే ఎత్తాను.
"రేపు పది ఇరవై మా ఆవిడది. తీసేయండి."
ముసలి గొంతు, మా అమ్మ యాస.
పేరు అడిగాను (ఎవరికీ చెప్పనని సంతకం పెట్టాను,
అందుకే ఇక్కడ రాయడం లేదు),
పుట్టిన తేదీ అడిగాను.
తేదీ చెప్పి, "ఆదివారం పుట్టింది" అన్నాడు, అడక్కుండానే.
"మరో రోజు పెట్టమంటారా?"
నేర్పింది నేర్పినట్టే అడిగాను.
"వద్దమ్మా. శనివారం పోయింది."

తెర మీద కారణాల వరుస:
బండి లేదు.
డబ్బు లేదు.
తగ్గిపోయింది.
ఇతరములు.
"తగ్గిపోయింది" మీద బాణం కాసేపు ఆగింది,
చెయ్యి నాదే, ఎందుకో తెలీదు.
ఇతరములు నొక్కాను.

ఎదుటివాళ్లు పెట్టాకే మనం ఫోను పెట్టాలి, అదీ పాఠమే.
ఆయన పెట్టలేదు.
ఆ ఇంట్లో ఎక్కడో కెటిల్ కూస్తోంది,
దించేవాళ్లు లేరు.
"నీళ్లు మరుగుతున్నాయి, వెళ్లి దించండి" అన్నాను,
మా అమ్మ ఫ్రెంచిలో.
పదేళ్లయింది నా నోట్లో ఆ మాటలు మసిలి.
"ఆఁ, ఆఁ" అంటూ వెళ్లాడు,
ఫోను బల్ల మీదే వదిలేసి.
కూత ఆగేదాకా విన్నాను.
మిగతా రెండు లైన్లూ మెరుస్తూనే ఉన్నాయి.

ఖాళీ అయిన పది ఇరవైకి
ఎదురుచూసేవాళ్ల జాబితాలో మొదటి పేరు.
బస్సు డ్రైవరు, ఐదు వారాలుగా భుజంనొప్పి.
"రేపేనా! ఎంత అదృష్టం!" అన్నాడు.

అవునండీ, అన్నాను.
ఇన్సూరెన్స్ కార్డు మర్చిపోకుండా తెచ్చుకోమన్నాను.